కుట్టుమిషను పట్టే ఇల్లు



నటుడు బళ్ళారి రాఘవగారి స్మారక ఉపన్యాసం అంటే నాటకం గురించి విందామని వచ్చినవాళ్లు మీలో చాలామంది ఉంటారు. ఆ విషయం మాట్లాడగల అర్హులు ఈ ఊళ్లోనే ఎందరో ఉన్నారు. నేను చదువుకున్నది, పనిచేసింది పురపాలన రంగంలో. అందుకని ఇళ్ల గురించి మాట్లాడతానని నిర్వాహకులను అడిగాను. 1880లో తాడిపత్రిలో పుట్టి, బళ్ళారిలో వకీలుగా స్థిరపడి, 1946లో కన్నుమూసేదాకా ఈ ఊరి పేరునే ఇంటిపేరుగా మోసిన మనిషి రాఘవగారు. 1939లో గూడవల్లి రామబ్రహ్మంగారు తీసిన ‘రైతుబిడ్డ’లో నర్సిరెడ్డి వేషం ఆయనదే. జమీందారు చెప్పినవాడికి కాక రైతు తరఫువాడికి ఓటు వేద్దామనుకున్నందుకు కష్టాలపాలైన రైతు కథ అది. కాలు కింద నేల తనది కానివాడు నోరెత్తితే ఏమవుతుందో ఆ వేషంలో రాఘవగారు చూపించారు. ఈరోజు పట్నంలో గుడిసె వేసుకున్నవాడి పరిస్థితి కూడా అదే. కాబట్టి ఆయన పేరు మీద జాగా గురించీ, ఇంటి గురించీ మాట్లాడటం అసందర్భం కాదనే నా నమ్మకం.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. పేదల ఇళ్ల పథకం అనగానే మన పాలికెలూ (నగరపాలక సంస్థలూ) ప్రభుత్వాలూ ఖాళీ భూమి ఎక్కడుందని వెతుకుతాయి. ఊరి బయట సర్వే నంబరు దొరికితే అక్కడ కట్టేస్తాయి. అలా కాకుండా, ఆ ఇంట్లో ఉండబోయే మనిషి ఏ పని చేసి పూట గడుపుకుంటోంది, ఆ పని ఎక్కడ దొరుకుతోంది అని ముందు అడగాలి. ఇళ్ల ప్రణాళిక అక్కడ మొదలుకావాలి.

బళ్ళారి ఎలా పెరిగిందో గుర్తు చేసుకుందాం. మద్రాసు ప్రెసిడెన్సీలో పెద్ద కంటోన్మెంటు ఇక్కడ ఉండేది. కౌల్ బజారు ఆ దండును ఆనుకొని పెరిగిన పేట. బ్రూస్‌పేట ఈస్టిండియా కంపెనీ అధికారి పేరు మీద వచ్చింది. దండు వెళ్లిపోయింది, పేట మిగిలింది. తర్వాత పత్తి, ఆ తర్వాత ఇనుప ఖనిజం, వాటితోపాటే జీన్స్. యుద్ధకాలంలో సిపాయిలకు యూనిఫారాలు కుట్టిన దర్జీల చేతుల్లోంచే ఈ జీన్స్ విద్య వచ్చిందని ఊళ్లో చెప్పుకుంటారు. 2011 జనాభా లెక్కల నాటికే నగరంలో 4.10 లక్షల మంది ఉన్నారు. ఇప్పుడు పాలికెకు 39 వార్డులు. ప్రతి దశలోనూ పనికోసం మనుషులు వచ్చారు. సిరుగుప్ప, సండూరుల నుంచి వచ్చారు. రాష్ట్ర సరిహద్దు గీత అవతల ఆదోని, ఆలూరు, రాయదుర్గం, ఉరవకొండ, గుంతకల్లు నుంచి కూడా వచ్చారు. పనికి దగ్గరగా ఎక్కడ జాగా కనబడితే అక్కడ కొట్టం వేసుకున్నారు. గుట్ట కింద, వంక పక్కన, రైలుకట్ట వారన.

ఇప్పుడు కౌల్ బజారు సందుల్లో ఒక ఇంట్లోకి వెళదాం. ఇల్లంటే ఒక గది, వెనక చిన్న వంటచోటు. పైన రేకు. తలుపు పక్కన వెలుతురు పడేచోట జూకీ మిషను. గోడవారన కత్తిరించి తెచ్చిన ప్యాంటు ముక్కల కట్టలు నడుమెత్తు పేరి ఉంటాయి. ఆ ఇంటావిడ పక్క కుట్టు వేస్తుంది. కుట్టిన వాటికి వేలాడే దారాలు కత్తిరించే పని అత్తగారిది. చిన్న కత్తెర బొటనవేలికి తగిలించుకొని, చూడకుండానే కత్తిరిస్తుందామె. కూలి పీసుకింత. కాజాలు ఇంకో ఇంట్లో, జిప్పులు మరో ఇంట్లో. సాయంత్రానికి మోపెడ్ మీద మనిషి వచ్చి కట్టలు లెక్కపెట్టి తీసుకుపోతాడు. అవి వాషింగ్ యూనిట్‌కు పోతాయి. రాత్రి మిషను మీద దుప్పటి కప్పి, దాని పక్కనే చాపలు పరుస్తారు. పక్కింటామెకు జ్వరం వస్తే ఆమె కట్ట ఈమె కుట్టి పెడుతుంది. దారపు రీలు అయిపోతే సందు చివర అంగట్లో అప్పుకు దొరుకుతుంది. ఆ కుటుంబానికి ఆ గదే కార్ఖానా, ఆ సందే మార్కెట్టు, ఆ పక్కింటివాళ్లే బ్యాంకు.

ఈ కుటుంబానికి మనం ఇవ్వజూపుతున్న ఇల్లు ఏది? ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ విభాగం 2015 జూన్ 25న మొదలైంది. అందులో పేదల ఇంటికి 30 చదరపు మీటర్ల కార్పెట్ ఏరియా లెక్క, అంటే సుమారు 323 చదరపు అడుగులు. రెండో విడత 2024 సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఐదేళ్లలో దేశమంతటా కోటి కుటుంబాలకు సాయం చేస్తామన్నారు. మన రాష్ట్రాల్లో ఒక్కో ఇంటికి కేంద్రం 1.5 లక్షలు, రాష్ట్రం కనీసం లక్ష ఇవ్వాలి. మిగతాది లబ్ధిదారు వాటా. ఆ వాటా దగ్గరే కథ ఆగిపోతుంది. కర్ణాటకలో మురికివాడల అభివృద్ధి మండలి కట్టడం మొదలుపెట్టిన ఇళ్లు లక్షల్లో ఉన్నాయి. వాటాలు కట్టలేని కుటుంబాల వల్ల అవి ఏళ్ల తరబడి సగంలో నిలిచిపోయాయి. చివరకు ఆ వాటాలో పెద్ద భాగం తానే భరిస్తానని రాష్ట్ర ప్రభుత్వం ముందుకు రావాల్సి వచ్చింది. పీసు రేటు మీద బతికే ఇంట్లోంచి లక్షలు వస్తాయని ఆ లెక్క వేసినవారు ఏ ఆధారంతో అనుకున్నారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మన ఊరికి సంబంధించి ముండ్రిగి సంగతి చూడాలి. అక్కడ జి ప్లస్ టు పద్ధతిలో పెద్ద కాలనీ తలపెట్టారు. ముండ్రిగిలో పారిశ్రామిక వాడ ఉంది, దుస్తుల పరిశ్రమ కూడా ఉంది కాబట్టి అక్కడే పని దొరుకుతుందనేది వాదన. వాషింగ్ యూనిట్‌లోనో ఫ్యాక్టరీలోనో నెలజీతం మీద పనిచేసే కుర్రవాడికి ఆ వాదన సరిపోతుంది, అతనికి అక్కడ ఇల్లు రావాలి కూడా. కానీ ఇంట్లో కుట్టే ఆడమనిషికి కాదు. రెండో అంతస్తుకు కట్టలు ఎవరు మోస్తారు? రాత్రి పదింటికి మిషను తొక్కితే కింది ఇంటివాళ్లు ఊరుకుంటారా? గృహ అవసరాల మీటరు మీద మోటారు మిషను నడిపితే కరెంటు శాఖవాళ్లు ఏమంటారు? మోపెడ్ మనిషి అంతదూరం వస్తాడా, వస్తే పీసుకు ఎంత కోస్తాడు? ఈ ప్రశ్నలు ప్రాజెక్టు నివేదిక (డి.పి.ఆర్.) రాసేటప్పుడు ఎవరూ అడగరు. ఇల్లు ఇచ్చాక ఆమె దాన్ని అద్దెకిచ్చి మళ్లీ సందులోకి వస్తే, ‘పేదవాళ్లకు ఇల్లిచ్చినా అమ్ముకుంటారు’ అని మాట పడుతుంది. ఆ మాట అన్యాయం. ఆమె వదులుకున్నది ఇల్లు, నిలబెట్టుకున్నది అన్నం.

ఇదంతా పాలికె ఒక్కదాని తప్పని నేను అనను. 74వ రాజ్యాంగ సవరణ పట్టణ ప్రణాళికనూ, మురికివాడల మెరుగుదలనూ పురపాలక సంస్థల పనుల జాబితాలో చేర్చింది. కాగితం మీద అది గొప్ప మాట. ఆచరణలో చూస్తే మురికివాడలు 1973 చట్టం కింద ఏర్పడిన రాష్ట్ర మండలి చేతిలో ఉన్నాయి. ఇళ్ల డబ్బు 2000లో పెట్టిన రాజీవ్ గాంధీ గృహ నిర్మాణ సంస్థ ద్వారా వస్తుంది. కొత్త లేఅవుట్లు నగరాభివృద్ధి ప్రాధికారానివి. 1991–92 నుంచి నడుస్తున్న ఆశ్రయ పథకంలో పట్టణ లబ్ధిదారులను ఎంపిక చేసే సమితికి అధ్యక్షుడు ఎమ్మెల్యే. అంటే వార్డులో గెలిచిన కార్పొరేటర్ చేతిలో, ఏ సందులో ఎవరు ఎలా బతుకుతున్నారో తెలిసిన ఆ ఒక్క మనిషి చేతిలో, సిఫారసు తప్ప ఏమీ ఉండదు. ఊరు తెలిసినవాళ్లకు అధికారం లేదు, అధికారం ఉన్నవాళ్లు బెంగళూరులో ఉంటారు.

ఇక సరిహద్దు సంగతి. దీని మీద కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే బెంగళూరులో గానీ అమరావతిలో గానీ కూర్చున్నవాళ్లకు ఇది కనపడదు.

1953 అక్టోబరు 1న పాత బళ్ళారి జిల్లా రెండైంది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వెళ్లాయి, బళ్ళారి మైసూరులో చేరింది. ఆ పంపకం మంచిచెడ్డలు ఇప్పుడు మనకొద్దు. పెళ్లిళ్లు, పేరంటాలు, పొలాలు, జాతరలు మాత్రం అప్పటిలాగే గీత దాటి సాగుతూనే ఉన్నాయి. ఆలూరు పిల్ల బళ్ళారి కోడలవుతుంది. ఇక్కడి పిల్ల గుంతకల్లు వెళుతుంది. వాళ్లు దాటినంత సులువుగా కాగితం గీత దాటదు.

బోయవాళ్లనే తీసుకోండి. కర్ణాటకలో నాయక, వాల్మీకి పేర్లతో వాళ్లు షెడ్యూల్డు తెగ. గీత అవతల అదే వంశం, అదే దేవర, అదే ఇంటిపేరు ఉన్నవాళ్లు వెనుకబడిన తరగతి. వడ్డెరలు ఇక్కడ భోవి పేరుతో షెడ్యూల్డు కులం, అక్కడ బి.సి. లంబాడీలు ఇక్కడ ఎస్.సి., అక్కడ ఎస్.టి. వలస వచ్చినవాడు తన రాష్ట్రంలోని ఎస్.సి., ఎస్.టి. హోదాను ఇంకో రాష్ట్రానికి తెచ్చుకోలేడని 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పుకు దాని కారణాలు దానికున్నాయి. దాని బరువు ఒక పెళ్లి మీద ఎలా పడుతుందో చూడండి. ఆవాస్ యోజనలో ఇల్లు ఆడమనిషి పేరు మీదో, ఇద్దరి పేరు మీదో ఉండాలన్నారు. ఎంతో మంచి నిబంధన అది, నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. అయితే ఆలూరు నుంచి వచ్చిన బోయ కోడలికి కులధ్రువీకరణ పుట్టింటి వైపు నుంచే రావాలి. అక్కడ ఆమె బి.సి. భర్త ఇక్కడ ఎస్.టి. ఇంటి దరఖాస్తు ఆమె పేరు మీద పెడితే, ఎస్.టి.లకు రాష్ట్రం అదనంగా ఇచ్చే సాయం చేజారిపోయే ప్రమాదం. అతని పేరు మీద పెడితే, ఇంటి మీద ఆమె హక్కు పోతుంది. ఈ రెండింట్లో ఏదో ఒకటి వదులుకొమ్మని ఏ ప్రభుత్వమూ చట్టం చేయలేదు. రెండు మంచి నిబంధనలు సరిహద్దు ఊళ్లో ఒకదానికొకటి ఎదురొచ్చాయంతే. వడ్డెర కుటుంబాల్లోనూ ఇదే చిక్కు. బళ్ళారి గుట్టల్లో రాయి కొట్టి, ఊళ్లోని పునాదులు సగం లేపిన చేతులవి. వాళ్లకే పునాది దక్కడం లేదు.

పేర్ల గొడవ ఒకటుంది. ఆంధ్రలో ఇంటిపేరు మొదటి అక్షరం ముందు పెడతారు. ఇక్కడి రికార్డులో ఫలానావారి భార్య అని భర్త పేరు వెనక చేరుతుంది. ఆధార్‌లో యల్లమ్మ, రేషన్ కార్డులో ఎల్లమ్మ, బ్యాంకు పుస్తకంలో ఇంకో రకం. ఆన్‌లైన్ దరఖాస్తులో మూడూ ముగ్గురు మనుషులు. నాడకచేరి అనే రెవెన్యూ కార్యాలయంలో ఆదాయ ధ్రువీకరణ, నోటరీ దగ్గర అఫిడవిట్టు, మళ్లీ పాలికె. దేశంలో ఎక్కడా తన పేరునగానీ కుటుంబం పేరునగానీ పక్కా ఇల్లు లేదని కూడా రాసివ్వాలి. ఊళ్లో అత్తగారి పేరు మీద ఇందిరమ్మ ఇల్లు ఒకటుంటుంది. దాని కప్పు కూలిపోయి ఉన్నా, ఆ కాగితం మాత్రం గట్టిగా నిలబడి ఉంటుంది. రోజుకూలి మనిషి ఇన్ని గుమ్మాలు ఎక్కి దిగేసరికి ఎన్ని పూటల కూలి పోతుందో లెక్క కట్టండి. నిజానికి బళ్ళారి, రాయచూరు వంటి జిల్లాల్లో ఇలాంటి పెళ్లి వలసలకు ప్రత్యేకమైన వెసులుబాటు అడగాల్సింది మన ఎంపీలు, ఎమ్మెల్యేలు. రెండు వైపులవాళ్లూ కలిసి అడగాలి. డెబ్బై ఏళ్లు దాటింది, ఇంకా ఎవరూ గట్టిగా అడగలేదు.

గీత అవతల ఏం జరిగిందో చూస్తే కొన్ని పాఠాలు దొరుకుతాయి. హైదరాబాదులో 1908 మూసీ వరద తర్వాత 1912లో నగరాభివృద్ధి సంస్థ ఏర్పడింది, బస్తీలు తీసేసి కొత్త క్వార్టర్లు కట్టింది. వాల్మీకి అంబేడ్కర్ పేరుతో వచ్చిన వాంబే పథకాన్ని వాజపేయి 2001లో హైదరాబాదులోనే ప్రారంభించారు. తెలంగాణ డబుల్ బెడ్‌రూం ఇళ్లను 560 చదరపు అడుగులతో విశాలంగానే కట్టింది. కొల్లూరులో ఒకేచోట 15,660 ఇళ్లు లేచాయి. కానీ నగరం నడిబొడ్డున పనిచేసే మనిషికి కొల్లూరు చాలా దూరం. ఆంధ్రలో టిడ్కో వాళ్లు 300, 365, 430 చదరపు అడుగుల ఇళ్లు కట్టారు. ప్రభుత్వాలు మారేకొద్దీ వాటి కథా మారింది, కట్టిన ఇళ్లు ఏళ్ల తరబడి తాళాలతో ఉండిపోయాయి. 2020 డిసెంబరు 25 నుంచి సుమారు 30 లక్షల మందికి స్థలాలు పంచారు. పట్టణంలో సెంటు, అంటే 48 గజాల చిల్లర. హక్కు ఇవ్వడం మంచిదే. కానీ చాలాచోట్ల ఆ సెంటు ఊరికి అవతల, వాన పడితే చెరువయ్యే నేలలో ఉంది. పథకాల పేర్లు మారాయి, అందరూ కలిసి చేసిన తప్పు మాత్రం ఒకటే. చవక భూమి దొరికినచోట పేదవాణ్ణి పెట్టారు.

దీనికి మందు లేదా? ఉంది, కొత్తదేమీ కాదు. మనిషి ఉన్నచోటే అతనికి హక్కుపత్రం ఇవ్వండి. మురుగుకాలువ, కొళాయి, దీపం ఇవ్వండి. ఆ తర్వాత ఇల్లు అతనే కట్టుకుంటాడు, తన పనికి తగినట్టు కట్టుకుంటాడు. ఇండోర్ నగరంలో 1980లలో బాలకృష్ణ దోషి రూపొందించిన అరణ్య కాలనీ ఇదే దారిలో నడిచింది. సుమారు 6,500 ప్లాట్లు. అతి పేద కుటుంబానికి పునాది, స్నానపుగది, ఒక గది లాంటి మొదటి భాగం ఇచ్చారు. మిగతాది వాళ్లు చేతిలో డబ్బు ఆడినప్పుడల్లా పెంచుకున్నారు. కింద అంగడి, పైన కాపురం. 1995లో దానికి ఆగాఖాన్ పురస్కారం వచ్చింది. ఒడిశా 2017లో చట్టం చేసి మురికివాడలవాళ్లకు భూమి హక్కు ఇచ్చింది. ఆ హక్కు పిల్లలకు వస్తుంది, బ్యాంకులో కుదువ పెట్టుకోవచ్చు, అమ్మడానికి మాత్రం వీల్లేదు. మురికివాడను రియల్ ఎస్టేటువాళ్లు మింగేయకుండా ఆ చివరి షరతు కాపాడుతుంది. మన పక్కనే హోసపేటలో 2025 మే 20న తండాలు, హట్టులవాళ్లకు 1,11,111 హక్కుపత్రాలు పంచారు. పల్లెల్లో సాధ్యమైంది పట్నంలో ఎందుకు కాదు? కర్ణాటక భూ రెవెన్యూ (కందాయ) చట్టంలో 94సిసి అనే సెక్షన్ పట్టణాల్లో ప్రభుత్వ భూమి మీద ఇల్లు కట్టుకున్నవాళ్ల కోసమే ఉంది. దాన్ని బళ్ళారిలో వార్డు వార్డునా, సందు సందునా అమలు చేయవచ్చు. వంక పోరంబోకులో, గుట్ట రాళ్ల కింద ప్రమాదంలో ఉన్నవాళ్లను మాత్రం కదిలించక తప్పదు. 2009 అక్టోబరు వరదలు తుంగభద్ర ఒడ్డున సిరుగుప్ప వైపు ఏం చేశాయో ఇక్కడివాళ్లకు ఒకరు చెప్పక్కరలేదు. వాళ్లకు అదే వార్డులోనో పక్క వార్డులోనో జాగా వెతకాలి. పాడుబడ్డ గోదాములు, ఖాళీ ప్రభుత్వ క్వార్టర్లు ఊళ్లో లేవా?

కట్టే ఇంటి గురించి కూడా ఒక మాట. మన ప్రాంతపు పాత మట్టిమిద్దెల్లో పడుకున్నవాళ్లు ఇంకా ఈ సభలో ఉన్నారు. దూలాల మీద వాసాలు, వాటి మీద చౌడుమట్టి. గవాచిలోంచి వెలుతురు దిగేది. ఏప్రిల్ మధ్యాహ్నం కూడా లోపల నిద్ర పట్టేది. ఇప్పుడు జి ప్లస్ టులో పై అంతస్తువాడు కాలిన స్లాబు కింద ఉడికిపోతున్నాడు. మళ్లీ మట్టిమిద్దెలు వేయమని నేను అనను, వానకు కారితే ఆ బాధ నాకూ తెలుసు. స్లాబు మీద వేడిని తిప్పికొట్టే పూత, ఎదురెదురు కిటికీలు, పైన నీడ, ఇవి పెద్ద ఖర్చు కాదు. తెలంగాణ 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది, ప్రభుత్వం కట్టే పేదల ఇళ్లనూ అందులో చేర్చింది. బళ్ళారి ఎండ హైదరాబాదు ఎండకంటే తక్కువది కాదు.

డబ్బెక్కడిదని అడుగుతారు. ఈ ప్రశ్న బళ్ళారిలో అడగకూడదు. ఈ నేలలోంచి తవ్విన ఇనుము ఎన్ని ఓడలకెక్కిందో లోకాయుక్త సంతోష్ హెగ్డేగారు 2011 జూలైలో ఇచ్చిన నివేదిక చెబుతుంది. ఆ నెలాఖరుకే సుప్రీంకోర్టు ఇక్కడి తవ్వకాలు ఆపింది. ఆ తర్వాత కోర్టు పర్యవేక్షణలో గనుల ప్రభావిత ప్రాంతాల పునరుద్ధరణకు వేల కోట్లు కూడబెట్టి, దాన్ని ఖర్చు చేయడానికి ప్రత్యేక సంస్థ పెట్టారు. 2015 చట్టసవరణతో జిల్లా ఖనిజ ప్రతిష్ఠాన్ నిధి వేరే ఉంది. గనుల పక్కన దుమ్ము పీల్చినవాడు, గని మూతపడి పట్నానికి వచ్చి కొట్టం వేసుకున్నవాడు ఇద్దరూ ఆ డబ్బుకు హక్కుదారులే. లబ్ధిదారు వాటా కట్టలేక ఆగిపోయిన ఇంటికి ఆ నిధిలోంచి ఇస్తే అది దానం కాదు, బాకీ తీర్చడం.

పాలికెను నేను అడిగేవి ఇవి. ముందు 39 వార్డుల్లోనూ ఇంటింటికీ వెళ్లి, ఎవరు ఏ పని చేస్తున్నారో, ఆ పని ఇంట్లో జరుగుతోందో బయట జరుగుతోందో రాయించాలి. ఇంట్లో మిషను నడిపే కుటుంబాలకు ఉన్నచోటే హక్కుపత్రం, కొంచెం పెద్ద గది, పనికి తగిన కరెంటు కనెక్షన్ ఇవ్వాలి. ముండ్రిగిలో కట్టేవాటిలో కింది అంతస్తులు కుట్టుపనివాళ్లకు కేటాయించి, నడుమ ఉమ్మడి పనిశాలలు కట్టాలి, రాత్రి షిఫ్టుకు కూడా బస్సు నడపాలి. లబ్ధిదారుల జాబితా, ఎవరిది ఏ కాగితం లేక ఆగిపోయిందో ఆ వివరంతో సహా, కన్నడంలోనూ తెలుగులోనూ ఉర్దూలోనూ వార్డు ఆఫీసు గోడ మీద అంటించాలి. ఆలూరు కోడలి కులపత్రం లాంటి చిక్కులు వచ్చినప్పుడు రెండు జిల్లాల తహశీల్దార్లు ఒకచోట కూర్చొని తేల్చడానికి నెలకో రోజు పెట్టమని జిల్లాధికారిని కోరాలి. వీటికి కొత్త చట్టం అక్కరలేదు. వచ్చే బడ్జెట్ సమావేశంలో ఒక్క కార్పొరేటర్ లేచి వీటిని తీర్మానంగా ప్రతిపాదిస్తే, దాన్ని రాసిపెట్టడానికి నేను సిద్ధంగా ఉన్నాను.